ట్రాక్టరునందలి ఎఱ్ఱదీపము: ఆల్టర్నేటరును అమర్చు విధము

ట్రాక్టరు నడుపువాని కన్నులయెదుట, మీటర్లుండు పలకయందు, గోరంత ఎఱ్ఱదీపమొకటి యుండును. తాళపుచెవి త్రిప్పగనే అది వెలుగును. ఇంజను నడువ మొదలిడగనే ఆఱిపోవును. ప్రతిదినమును జరుగు సంగతి యగుటచే దానిని శ్రద్ధతో చూచువారు మిక్కిలి తక్కువ. వెలిగిన అపాయమనియు, వెలుగకున్న క్షేమమనియు మాత్రము అందఱును తలంతురు. ఈ తలంపులో సగమే సత్యము. మిగిలిన సగము తెలియక నష్టపడువారు పలువురు కలరు.

మాకు తెలిసిన యొక సభ్యుని సంగతి చెప్పెదము. అవి సార్వా దమ్ముల దినములు. నారు పీకి కట్టలు కట్టి గట్టుపై నుంచిరి. కాలువ నీరు వంతుపై వచ్చుచున్నందున ఆయన రాత్రివేళ దీపములు వెలిగించి దమ్ము చేయించుచుండెను. దీపములు క్రమముగా మసకబారెను. కొంతసేపటికి చక్రములు బురదలో దిగబడి ఇంజను నిలిచిపోయెను. మరల తాళము త్రిప్పగా స్టార్టరు కదలలేదు. మఱునాటి యుదయమున నాట్లకు వచ్చిన కూలీలు గట్టుపై కూర్చుండిరి. పాత బ్యాటరీ పనికిరాదని క్రొత్తది కొని బిగించిరి. వారము దినములలో అదియు నీరసించెను. తుదకు తెలిసిన మెకానిక్కు వచ్చి చూడగా, ఎఱ్ఱదీపపు బల్బు మాడియుండెను. అది వెలుగక అప్పటికి రెండు నెలలయ్యెను. “ఎఱ్ఱదీపము రావడం లేదు గదా, అంతా బాగానే ఉందనుకొన్నానండి” అని డ్రైవరు చెప్పెను. కొలది రూపాయల బల్బొకటి మార్చగనే బ్యాటరీ యథాప్రకారము నిండుకొనసాగెను.

బల్బు మాడినచో బ్యాటరీ యేల నిండకుండవలెను? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినవాడు తన ట్రాక్టరునకు ఆల్టర్నేటరును తానే అమర్చుకొనగలడు. పాత సామానులు సేకరించి స్వయముగా మోటారుకారును కూర్చుకొను ఉత్సాహవంతునకును ఇదియే మార్గము. కావున ఈ విషయమును మొదటినుండి వివరించుచున్నాము.

డైనమోయు ఆల్టర్నేటరును

తీగెచుట్టకు చేరువలో అయస్కాంతమును కదల్చినచో తీగెయందు విద్యుత్తు పుట్టునని 1831లో ఇంగ్లండునందు మైకేల్ ఫారడే కనుగొనెను. బండ్లలో విద్యుత్తు పుట్టించు యంత్రములన్నిటికిని ఇదియే మూలము. చాలకాలము మోటారుబండ్లలోను ట్రాక్టర్లలోను డైనమో వాడుకలో నుండెను. డైనమోలో తీగెచుట్టలు తిరుగును. అయస్కాంతము స్థిరముగా నుండును. పుట్టిన విద్యుత్తంతయు తిరుగు భాగమునుండి కార్బను బ్రష్షుల ద్వారా వెలికి రావలెను. అందుచే బ్రష్షులు త్వరగా అరుగును. ఇంజను నెమ్మదిగా నడచునపుడు డైనమో యిచ్చునది స్వల్పము. రాత్రి ట్రాక్టరును నిలిపి ఇంజనును మెల్లగా నడుపుచు దీపములు వెలిగించినచో బ్యాటరీ తఱుగుచునే యుండును.

ఆల్టర్నేటరులో అమరిక తలక్రిందులైనది. ఇందు అయస్కాంతము తిరుగును. విద్యుత్తు పుట్టు చుట్టలు స్థిరముగా నుండును. అధికమైన విద్యుత్తు బ్రష్షుల గుండ పోనక్కఱలేదు. బ్రష్షులకు మిగిలిన పని, తిరుగు అయస్కాంతమునకు మూడు నాలుగు ఆంపియర్లకు మించని చిన్న ప్రవాహమును అందించుట మాత్రమే. అందుచే అవి చిరకాలము మన్నును. ఇంజను మెల్లగా నడచునపుడు సైతము ఆల్టర్నేటరు తగినంత విద్యుత్తు నిచ్చును.

ఆల్టర్నేటరులో పుట్టునది దిశ మార్చుకొను విద్యుత్తు. బ్యాటరీకి ఒకే దిశలో పాఱు విద్యుత్తు కావలెను. దిశను సరిచేయు సిలికాను డయోడులు చవుకగా లభ్యమగు వఱకు బండ్లలో ఆల్టర్నేటరు వ్యాపింపలేదు. అమెరికాలో క్రైస్లరు కంపెనీ తన వాలియంటు కారులో 1960లో దీనిని ప్రవేశపెట్టెను. తరువాతి సంవత్సరములలో ఇది డైనమోను క్రమముగా తొలగించెను. మన పొలములలో నేటికిని డైనమోతో పనిచేయు పాత ట్రాక్టర్లు అక్కడక్కడ కలవు. డైనమో చెడినపుడు దానికి మాఱుగా ఆల్టర్నేటరును బిగించుకొనుట యుక్తము.

లోపల జరుగు పని

డయోడు అనగా విద్యుత్తునకు ఫుట్‌వాల్వు వంటిది. పంపుగొట్టము క్రిందనుండు ఫుట్‌వాల్వు నీటిని పైకి రానిచ్చును గాని క్రిందికి పోనీయదు. డయోడును అట్లే ప్రవాహమును ఒక దిశను సాగనిచ్చి, రెండవ దిశను ఆపును. ఆల్టర్నేటరులో మూడు జతల చుట్టలకు ఆఱు పెద్ద డయోడులుండును. అవి విద్యుత్తును ఒకే దిశకు త్రిప్పి, లావు మొలకు చేర్చును. ఈ మొలకు “బి ప్లస్” అని గుర్తుండును. బ్యాటరీ నిండుట దీని ద్వారానే.

ఇవిగాక అనేక నమూనాలలో మూడు చిన్న డయోడులు వేఱుగా నుండును. వీనినుండి వచ్చు ప్రవాహము తిరుగు అయస్కాంతమునకు పోవును. ఈ చిన్న డయోడులు కలియుచోట మఱియొక సన్నని మొల యుండును. దానికి “డి ప్లస్” అని గాని, లూకాస్ నమూనాలో “ఐ ఎన్ డి” అని గాని గుర్తుండును. ఎఱ్ఱదీపపు తీగె వచ్చి చేరవలసినది ఇచ్చటికే.

రెగ్యులేటరు తూముకడ నుండు నీరుకట్టువాని వంటిది. ఇంజను వేగము పెరిగి వోల్టులు 14 దాటుచుండగా అది అయస్కాంతమునకు పోవు ప్రవాహమును తగ్గించును. వోల్టులు తగ్గగనే మరల వదలును. అందుచే ఇంజను ఎంత వేగముగా నడచినను బ్యాటరీకడ సుమారు 13.8 మొదలు 14.4 వఱకు వోల్టులు నిలుచును.

ఎఱ్ఱదీపము చేయు రెండు పనులు

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చితిమి. తిరుగునది నిజమైన అయస్కాంతము కాదు. ఇనుముచుట్టు తీగె చుట్టి, తీగెలో విద్యుత్తు పాఱించినపుడే అయస్కాంతమగునది. ఆల్టర్నేటరు విద్యుత్తు నిచ్చుటకు అయస్కాంతము కావలెను. అయస్కాంతమగుటకు విద్యుత్తు కావలెను. మొదటి ప్రవాహము ఎచ్చటినుండి రావలెను?

రైతునకు ఈ చిక్కు క్రొత్తది కాదు. ఎండియున్న పంపును ఎంతసేపు త్రిప్పినను నీరు రాదు. ముందుగా చెంబెడో బిందెడో నీరు పోసి పంపును నింపినచో, తరువాత అది తానే బావినీటిని తోడును. ఆల్టర్నేటరునకును అట్లే ముందుగా కొంచెము విద్యుత్తు పోయవలెను. అది పోయునది ఎఱ్ఱదీపము. తాళము త్రిప్పగనే బ్యాటరీనుండి ప్రవాహము స్విచ్చి ద్వారా బల్బు గుండ పాఱి, “డి ప్లస్” చేరి, తిరుగు అయస్కాంతములోనికి పోయి, ఎర్తు ద్వారా బ్యాటరీకి తిరిగి వచ్చును. 12 వోల్టుల, 2.2 వాట్ల బల్బు గుండ పోవునది సుమారు 0.18 ఆంపియరు మాత్రమే. పంపులో పోసిన చెంబెడు నీటివలె, ప్రారంభమునకు ఇది చాలును.

ఇంజను నడచి ఆల్టర్నేటరు పనిచేయ మొదలిడగనే చిన్న డయోడుల ద్వారా “డి ప్లస్” కడను సుమారు 14 వోల్టులు నిలుచును. బల్బునకు ఒకవైపున బ్యాటరీయు 14 వోల్టులు, రెండవవైపున “డి ప్లస్”ను 14 వోల్టులు. రెండు మళ్ళలో నీటిమట్టము సమానమైనపుడు మడవలో నీరు కదలదు గదా! అట్లే బల్బులో ప్రవాహము నిలిచి దీపము ఆఱును. ఏదేని లోపముచే “డి ప్లస్” మట్టము తగ్గినచో బ్యాటరీవైపునుండి ప్రవాహము మరల పాఱి దీపము వెలుగును. ఇది దాని రెండవ పని. మనకందఱకును తెలిసిన హెచ్చరిక.

పాత డైనమోకు ఇట్టి యవసరము లేకుండెను. దాని యినుమునందు మిగిలియుండు కొలది అయస్కాంతశక్తియే పనిని ప్రారంభించెడిది. అప్పుడు దీపము కబురు చెప్పు నౌకరు మాత్రమే. బల్బు మాడినను బ్యాటరీ నిండెడిది. ఆల్టర్నేటరు వచ్చిన తరువాత ఆ నౌకరు కబురు చెప్పుటయే గాక పనిలోను పాలుగొనుచున్నాడు. కాలము మాఱినను “వెలుగకున్న క్షేమము” అను పాతమాట మాఱలేదు. పైన చెప్పిన నష్టమునకు మూలమిదియే. కొన్ని ఆల్టర్నేటర్లు బల్బు లేకున్నను అతివేగమున తిరిగినపుడు తమంత తామే మేల్కొనును. అది నిశ్చయము కాదు; దానిని నమ్ముకొనరాదు.

అమర్చు విధము

మొట్టమొదట బ్యాటరీ ఎర్తుతీగెను విప్పి దూరముగా నుంచవలెను. చేతి యుంగరమును గడియారమును తీసివేయుట మంచిది. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టవు గాని, స్పానరో ఉంగరమో రెండు మొలలకును తగిలినచో వందల ఆంపియర్లు పాఱి లోహము ఎఱ్ఱగా కాలును.

పిమ్మట ఎర్తు ఏ మొలకు కలదో చూడవలెను. పాత బ్రిటిషు ట్రాక్టర్లలో ప్లస్ మొలను చాసిస్‌కు కలిపిన నమూనాలు కలవు. ఆల్టర్నేటరునకు సాధారణముగా మైనసు మొలయే ఎర్తు కావలెను. అట్టి పాత బండిలో బ్యాటరీ తీగెలను తాఱుమాఱు చేయవలెను. స్టార్టరు మోటారులో అయస్కాంతము తీగెచుట్టలతో నైనదగుచో దానికి దీనివలన భేదము లేదు. అదే దిశను తిరుగును. బల్బులకును భేదము లేదు. ఆమ్మీటరు తీగెలను మాత్రము మార్చవలెను.

ఆల్టర్నేటరును బ్రాకెట్టునకు బిగించునపుడు దాని పుల్లీ ఇంజను పుల్లీతో ఒకే సూటిలో నుండవలెను. సూటి తప్పినచో బెల్టు ఒకవైపు అరిగి తెగును. పుల్లీల నడుమ పొడవైన చోట బెల్టును బొటనవ్రేలితో నొక్కగా సుమారు 10 మొదలు 12 మిల్లీమీటర్లు దిగవలెను. మిక్కిలి వదులైనచో జాఱును. మిక్కిలి బిగువైనచో బేరింగులు చెడును. బ్రాకెట్టు తగులుచోట రంగును తుప్పును గీరి మెఱయునట్లు చేయవలెను. ఆల్టర్నేటరు ఒడలినుండి ఇంజనునకు వేఱుగా నొక లావు ఎర్తుతీగె వేయుట ఇంకను శ్రేష్ఠము.

ఇక తీగెలు రెండే. మొదటిది లావుతీగె. ఇది “బి ప్లస్” మొలనుండి స్టార్టరు సొలినాయిడునందు బ్యాటరీ తీగె చేరు మొలకు పోవలెను. ఈ తీగెకు తాళముతో సంబంధము లేదు. బ్యాటరీ కలిసియున్నంతకాలము దీనియందు వోల్టులుండును. కావున బ్యాటరీవైపు చివర దగ్గఱనే తగిన ఫ్యూజు నుంచవలెను. 36 ఆంపియర్ల ఆల్టర్నేటరునకు 50 ఆంపియర్ల ఫ్యూజు సరిపోవును. ఫ్యూజు లేక, తీగె ఎచ్చటనైనను ఇనుమునకు ఒరసి తొడుగు చిరిగినచో నిప్పంటుకొనును. పదునైన అంచులు దాటుచోట రబ్బరు తొడుగు వేయవలెను.

రెండవది సన్నతీగె. తాళపు స్విచ్చిలో, తాళము త్రిప్పినపుడు మాత్రమే విద్యుత్తు వచ్చు మొలనుండి చిన్న ఫ్యూజునకును, అచ్చటినుండి బల్బు ఒక చివరకును, బల్బు రెండవ చివరనుండి “డి ప్లస్” మొలకును ఈ తీగె పోవలెను. ఇచ్చట పలువురు చేయు పొరపాటొకటి కలదు. బండిలోని తక్కిన బల్బులకు ఒక చివర చాసిస్‌కు తగిలియుండును; బల్బు పట్టు ఇనుపపలకకు బిగిసినంతనే ఎర్తు దొరకును. ఈ బల్బునకు అట్లుండరాదు. రెండు చివరలును చాసిస్‌కు తగులకుండ విడిగా నుండవలెను. సామాన్యమైన పట్టును వాడినచో దీపము ఎల్లప్పుడును వెలుగుచుండునే గాని ఆల్టర్నేటరునకు ఏమియు చేరదు. స్వయముగా కారును కూర్చుకొనువారు సైతము ఈ చిన్న విషయమునందు దినములకొలది తికమకపడుదురు.

డైనమోకు సంబంధించిన పాత కట్‌అవుటు పెట్టెతో ఇక పనిలేదు. దానిని తీసివేయునపుడు, ఆ పెట్టె గుండ దీపములకును హారనుకును పోవుచున్న తీగెలకు బ్యాటరీనుండి ఫ్యూజు ద్వారా వేఱుదారి కల్పింపవలెను. డైనమో నాటి హెచ్చరికదీపపు సన్నతీగె బాగుగా నున్నయెడల దానినే “డి ప్లస్” వఱకు పొడిగించుకొనవచ్చును. ఆల్టర్నేటరుపై “డబ్ల్యూ” అను మొల కూడ నున్నచో అది ఇంజను వేగమును, నడచిన గంటలను చూపు మీటరుకొఱకు. అక్కఱలేనిచో దానికి తొడుగు వేసి విడువవచ్చును.

ఇటీవలి బండ్లలో బల్బునకు మాఱుగా ఎల్ ఇ డి దీపముల నుంచుచున్నారు. అది వెలుగుటకు అత్యల్ప ప్రవాహము చాలును. ఆల్టర్నేటరును మేల్కొల్పుటకు ఆ ప్రవాహము చాలకపోవచ్చును. అట్టిచోట 68 ఓముల, 5 వాట్ల రెసిస్టరు నొకదానిని దీపమునకు ప్రక్కగా, అనగా రెండు చివరలను దీపపు రెండు చివరలకు కలిపి, అమర్చవలెను. 12 వోల్టులకు దీని గుండను సుమారు 0.18 ఆంపియరే పాఱును. సామాన్య బల్బు ప్రక్కను దీనిని ఉంచినచో మఱియొక లాభము: బల్బు మాడినను బ్యాటరీ నిండుట ఆగదు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు గల క్రొత్త ఆల్టర్నేటర్లలో కొన్నిటికి మొలల గుర్తులు వేఱు, పద్ధతి వేఱు. వానితో వచ్చిన చిత్రపటము ననుసరింపవలెను.

తీగె లావెంత?

సన్నని బోదె గుండ ఎక్కువ నీరు పాఱింపబోయినచో మడికి చేరులోపల ఎంతో పోవును. తీగెయును అంతే. ఆల్టర్నేటరునుండి బ్యాటరీ వఱకు 2 మీటర్ల రాగితీగె వేసి, దాని గుండ 36 ఆంపియర్లు పాఱించితిమనుకొందము. తీగె 2.5 చదరపు మిల్లీమీటర్లదైనచో దారిలోనే సుమారు అర వోల్టు నష్టమగును, తీగెయు వేడెక్కును. 6 చదరపు మిల్లీమీటర్లదైనచో నష్టము 0.2 వోల్టు. 10 చదరపు మిల్లీమీటర్లదైనచో 0.13 వోల్టునకు మించదు. అర వోల్టు స్వల్పమని తలంపరాదు. 12.6 వోల్టుల బ్యాటరీని నింపుటకు మనకున్న అధిక్యము ఒకటిన్నర వోల్టు మాత్రమే. అందులో మూడవవంతు దారిలో పోయినచో బ్యాటరీ ఎన్నడును పూర్తిగా నిండదు. కావున 6 చదరపు మిల్లీమీటర్లకు తక్కువ తీగె వాడరాదు. దీపమునకు పోవు రెండవ తీగె 1 చదరపు మిల్లీమీటరుదైనను చాలును.

బ్యాటరీ తఱుగుదల లెక్కయును తెలిసికొందము. 55 వాట్ల ముందు దీపములు రెండును, వెనుక నాగలివైపు దీపమొకటియు వెలిగించినచో మొత్తము 165 వాట్లు. అనగా సుమారు 14 ఆంపియర్లు. 75 ఆంపియరు-గంటల బ్యాటరీ పూర్తిగా నిండియున్నను, ఆల్టర్నేటరు పనిచేయనిచో అయిదున్నర గంటలలో ఖాళీ యగును. స్టార్టరు త్రిప్పు సత్తువ అంతకు చాల ముందే పోవును. రాత్రి దమ్ము మొదలుపెట్టినవాడు నడిరేయికే చిక్కుకొనును.

దీపము చెప్పు మాటలు

అమర్చిన తరువాత దీపమును చదువుట నేర్చుకొనవలెను. అది చెప్పు మాటలు అయిదు.

1. తాళము త్రిప్పగా వెలిగి, ఇంజను నడచి కొంచెము వేగము పుచ్చుకొనగనే పూర్తిగా ఆఱినచో అంతయు క్షేమము.

2. తాళము త్రిప్పినను వెలుగకున్నచో బల్బు మాడియుండవచ్చును, ఫ్యూజు పోయియుండవచ్చును, సన్నతీగె తెగియుండవచ్చును, లేదా లోపలి బ్రష్షులు అరిగియుండవచ్చును. తెలిసికొను ఉపాయము సులభము. ఇంజను నడువకుండ, తాళము మాత్రము త్రిప్పి, “డి ప్లస్”నుండి సన్నతీగెను విప్పి ఇంజను ఇనుమునకు తాకింపవలెను. దీపము వెలిగినచో బల్బును తీగెయును మంచివే. లోపము ఆల్టర్నేటరులో నున్నది. వెలుగకున్నచో లోపము బల్బునందో ఫ్యూజునందో తీగెయందో కలదు. ఈ పరీక్ష సన్నతీగెతో మాత్రమే చేయవలెను. లావుతీగెను ఇనుమునకు ఎన్నడును తాకింపరాదు.

3. ఇంజను నడచుచుండగా ప్రకాశముగా వెలిగినచో వెంటనే నిలిపి బెల్టును చూడవలెను. పెక్కు ట్రాక్టర్లలో ఆ బెల్టే నీటిపంపును ఫ్యానును త్రిప్పును. బెల్టు తెగియుండగా ఇంజనును నడిపినచో అది వేడెక్కి చెడును. అప్పుడు కలుగు నష్టము బ్యాటరీతో పోదు. బెల్టు సరిగా నున్నచో లోపము రెగ్యులేటరునందో డయోడులయందో యుండును.

4. ఇంజను నడచుచుండగా మిణుకుమిణుకుమని మసకగా వెలిగినచో బల్బు రెండువైపుల మట్టములలో కొలది భేదమున్నదన్నమాట. లావుతీగె మొలలు వదులై తుప్పుపట్టియుండును. లేదా డయోడు ఒకటి చెడియుండును. ముందుగా మొలలను శుభ్రపఱచి బిగింపవలెను.

5. తాళము తీసివేసిన తరువాతను వెలుగుచున్నచో పెద్ద డయోడు ఒకటి పూర్తిగా చెడి, ఫుట్‌వాల్వు ఊడిన పంపువలె, బ్యాటరీలోని విద్యుత్తు వెనుకకు పాఱుచున్నదని గ్రహింపవలెను. వెంటనే బ్యాటరీ ఎర్తుతీగెను విప్పవలెను. తెల్లవాఱు వఱకు ఊరకున్నచో బ్యాటరీ ఖాళీ యగును.

మల్టీమీటరు కలవారు మఱి రెండు సంగతులు చూడవచ్చును. రాత్రి యంతయు ఊరకున్న నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. 12 చూపినచో చాలవఱకు తఱిగినదన్నమాట. ఇంజను మధ్యవేగమున నడచునపుడు బ్యాటరీ మొలలకడ 13.8 మొదలు 14.4 వఱకు చూపవలెను. 15 దాటినచో రెగ్యులేటరు చెడినది. బ్యాటరీలోని నీరు త్వరగా ఇంకిపోవును.

చేయరాని పనులు

డైనమో నాటి కొన్ని యలవాట్లు ఆల్టర్నేటరునకు ప్రాణాంతకములు. ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగెను ఊడదీసి “చార్జి వచ్చుచున్నదా” యని చూచుట అందు మొదటిది. బ్యాటరీ తొలగిన క్షణమున వోల్టులు ఒక్కసారి ఎగసి డయోడులను రెగ్యులేటరును మాడ్చివేయును. మొలనుండి నిప్పురవ్వలు రాల్చి చూచుటయు నిట్టిదే.

బ్యాటరీని తాఱుమాఱుగా కలుపుట రెండవది. ఒక్క క్షణము తగిలినను డయోడులు పోవును. బ్యాటరీ మొలలలో ప్లస్ మొల కొంచెము లావుగా నుండును. గుర్తును చూచి గాని తగిలింపరాదు. మఱియొక బండి బ్యాటరీ సాయముతో ఇంజను త్రిప్పునపుడును ప్లస్‌కు ప్లస్, మైనసుకు మైనసు కలుపవలెను. కడపటి మైనసు తీగెను బ్యాటరీకి దూరముగా ఇంజను ఇనుమునకు తగిలింపవలెను. ఏలయన నిండుచున్న బ్యాటరీనుండి మండు వాయువు వెలువడును. ఆ కారణముచేతనే బ్యాటరీ దగ్గఱ చుట్ట గాని బీడీ గాని కాల్చరాదు.

మూడవది, బ్యాటరీ కలిసియుండగా ట్రాక్టరునకు గాని దానికి తగిలించిన ట్రాలీకి గాని వెల్డింగు చేయించుట. ఆ ప్రవాహము ఆల్టర్నేటరు గుండ దారి చేసికొని డయోడులను చెఱచును. ముందుగా బ్యాటరీ తీగెలను, ఆల్టర్నేటరు తీగెలను విప్పించవలెను.

నాలుగవది, మాడిన బల్బునకు మాఱుగా ఉత్త తీగెముక్కను కలుపుట. అప్పుడు ప్రవాహమును అరికట్టునది లేక సన్నతీగెయు చిన్న డయోడులును మాడును. అంతేగాక, ఇంజను నడచుచుండగా “డి ప్లస్”నుండి విద్యుత్తు తాళపు స్విచ్చికి వెనుకకు పాఱును. విద్యుత్తుతో పనిచేయు ఇంధనపు వాల్వు గల బండ్లలో తాళము తీసినను ఇంజను ఆగకుండవచ్చును.

ముగింపు

ఇంత వ్రాసినను రైతు దినదినమును చేయవలసినది ఒక్కటియే. ఇంజను నడుపుటకు ముందు తాళము త్రిప్పి ఒక క్షణము నిలిచి ఎఱ్ఱదీపమును చూడవలెను. అది వెలుగవలెను. వెలుగకున్నచో ఆ పూట పొలమునకు పోకముందే కారణము వెదకవలెను. నడచునపుడు వెలుగు దీపముకంటె, నిలిచినపుడు వెలుగని దీపమునకే ఎక్కువ భయపడవలెను. మొదటిది లోపమును చెప్పుచున్నది. రెండవది చెప్పవలసిన నోరే మూతపడినది.

ట్రాక్టరు పెట్టెలో బల్బులు రెండు, ఫ్యూజులు నాలుగు, బెల్టు ఒకటి ఎల్లప్పుడును ఉంచుకొనవలెను. పలువురు సభ్యుల ట్రాక్టర్లు ఒకే నమూనావైన గ్రామములలో ఈ సామానును సంఘము ద్వారా ఒకేసారి తెప్పించుకొని గిడ్డంగిలో నుంచుకొన్నచో, దమ్ముల రాత్రి పట్టణమునకు పరుగెత్తు పని తప్పును. ఈ వ్యాసమును చదివిన సభ్యులు దీనిని తమ డ్రైవర్లకు చదివి వినిపించి, బండికడ నిలుచుండి దీపమును చూపి చెప్పవలెనని కోరుచున్నాము.